‘మ్యాచ్’ అను మాట: కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములందు దాని అర్థములు

ఆంగ్లమునుండి తెలుగులోనికి వచ్చి ఇంటి మాటలుగా మారిన పదములలో ‘మ్యాచ్’ ఒకటి. విజయవాడలోనో వరంగల్లులోనో ఈ మాట చెవిని బడినంతనే క్రికెట్టు పోటీ తలపునకు వచ్చును. పిల్లకు వరుని వెదకు ఇంటిలో అదియే పెండ్లి సంబంధమునకు పేరు. బట్టల అంగడిలో ‘మ్యాచింగు’ అనిన చీర రంగునకు సరిపడు రవికగుడ్డ. ఈ మూడును ఒకే వేరునుండి పుట్టిన కొమ్మలు. వీనితో చుట్టరికము లేని నాలుగవ అర్థమొకటి కలదు. దానిని తెలుగునాట ఆంగ్లమున పలుకువారు తక్కువ. ‘అగ్గిపుల్ల’ అను చక్కని మాట మనకుండుటయే అందులకు కారణము. తమిళనాడు దక్షిణభాగమున కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి, విరుదునగరములలో మాత్రము ఆ నాలుగవ అర్థమే మొదటిది. ప్రహరీగోడలమీదను, సరకుల లారీలమీదను ‘మ్యాచ్ వర్క్స్’, ‘మ్యాచ్ ఇండస్ట్రీస్’ అను అక్షరములే కనబడును. ఒక మాటకు ఏ అర్థము ముందు తోచునో నిఘంటువు నిర్ణయింపజాలదు. ఆ ఊరివారు ఏ పని చేసి బ్రదుకుచున్నారో ఆ పనియే నిర్ణయించును.

ఈ సీమ తెలుగువారికి పరాయిది గాదు. 16వ శతాబ్దమున విశ్వనాథ నాయకుడు మధుర పాలనమును చేపట్టిన పిదప తెలుగు కుటుంబములనేకము ఇచ్చటి నల్లరేగడి నేలలకు వచ్చి నిలిచినవి. ఆ నేలను తమిళులు ‘కరిసల్’ అందురు. కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు, అరుంధతీయులు, రాజపాళయపు రాజులు మొదలగువారి ఇండ్లలో నేటికిని తెలుగు వినబడును. చదువును వ్రాతయు తమిళమున సాగును. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇట్టి తెలుగింటి బిడ్డయే. తెలుగువారి వలసను ఇతివృత్తముగా గొని ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలను వెలువరించెను. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన 2021లో కన్నుమూసెను. నవలలకంటె ఈ వ్యాసమునకు ముఖ్యమైన ఆయన కృషి వేరొకటి కలదు: కరిసల్ సీమ జనుల నోటి మాటలను ఏరి నిఘంటువుగా కూర్చుట. రెండు భాషలు ఒకే పొయ్యి చుట్టు కూర్చుండి మాటలాడుకొను ప్రదేశమున మూడవ భాష కార్ఖానా ద్వారమున వచ్చి చేరినపుడు ఏమి జరుగునో ‘మ్యాచ్’ అను మాటలో చూడవచ్చును.

మొదట ఆంగ్లమునందలి సంగతి. చూచుటకు ఒకే పదముగా నున్నను ‘మ్యాచ్’ నిజమునకు రెండు పదములు. అగ్గిపుల్లకు చెల్లు మాట పాత ఫ్రెంచి భాషనుండి వచ్చినది. అచ్చట దాని అర్థము దీపపు వత్తి. దానికి పూర్వము గ్రీకు, లాటిను భాషలలో దీపపు ముక్కును, అనగా వత్తి బయటికి వచ్చు కొనను, తెలుపు పదము మూలమని కొందరు పండితుల ఊహ. రెండవది అచ్చమైన పాత ఆంగ్లపదము. దాని తొలి అర్థము తోడు, జంట, జీవితసహచరి. తోడైనది సాటియైనది; సాటియైన వానితోనే పందెము పొసగును; కావున క్రమముగా ఆ మాటకు ఆటపోటీ అను అర్థమును ఏర్పడినది. ఈ రెండు పదముల ఉచ్చారణలు కాలక్రమమున ఒకటియై, ఒకే అక్షరక్రమములో ఒదిగిపోయినవి. వత్తికిని వధువునకును ఆంగ్లమున పేరు కలిసినది ఇట్లు.

వత్తినుండి పుల్లకు ఈ మాట చేరిన త్రోవ చరిత్రకు పనికివచ్చునది. నెమ్మదిగా కాలుచుండు త్రాటిని పూర్వము తుపాకికిని ఫిరంగికిని నిప్పంటించుటకు వాడిరి. ఆ త్రాడే ‘మ్యాచ్’. దానిని బిగించిన తుపాకి ‘మ్యాచ్‌లాక్’. మన పాత తెలుగులో దీనిని జామగి తుపాకి యనిరి. ఈ అర్థమున ఆ మాట కోవిల్‌పట్టి సీమకు అగ్గిపెట్టెలకంటె వంద సంవత్సరములకు పైగా ముందే వచ్చినది. తెలుగు మాటలాడు వంశమున పుట్టిన పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మనను ఆంగ్లేయులు 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీసిరి. కయత్తారు కోవిల్‌పట్టికి దక్షిణమున తిరునెల్వేలి దారిలో నున్నది. 1801లో మరల చెలరేగిన పోరులో పాల్గొనిన జేమ్స్ వెల్ష్ అను సైనికాధికారి తన సైనిక స్మృతులను 1830లో ప్రకటించెను. పాలెగాండ్ర బలగమునకు పొడవైన ఈటెలును వత్తితుపాకులునే ప్రధానాయుధములు. నేడు ఆ త్రోవన పోవు లారీల మీద అదే ‘మ్యాచ్’ అను మాట చదువువానికి ఈ సంగతి స్ఫురింపదు.

తమిళుల వ్యవహారమున అగ్గిపెట్టెకు ‘తీప్పెట్టి’ యనియు ‘వత్తిప్పెట్టి’ యనియు రెండు పేర్లు కలవు. మొదటిది నిప్పు పెట్టె; మన ‘అగ్గిపెట్టె’కు సరియైనది. రెండవదానిలో మన వత్తియే యున్నది. ఊదువత్తి, మైనపువత్తి యనునపుడు మనము పలుకు మాటయే అది. ఫ్రెంచివారు వత్తి యనిరి, ఆంగ్లేయులు దానిని పుల్లకు చెప్పిరి. తమిళులును వత్తి యనియే పుల్లను పిలిచిరి. ఒకరినిజూచి ఒకరు నేర్చినది గాదు. కొననుండి మండునది వత్తి యను భావము ఇరువురకు వేర్వేరుగా తోచినది.

ఇంతకంటె వింతయైనది వేరొకటి కలదు. తమిళమున వధూవరుల జాతకముల పొంతనకు ‘పొరుత్తం’ అని పేరు. దానికి సంబంధించిన ‘పొరుత్తు’ అను క్రియకు జతపరచుట ఒక అర్థము. దీపమునో పొయ్యినో వెలిగించుట మరియొక అర్థము. ‘పొరు’ అను ధాతువునకు పోరాడుట, సాటియగుట అను అర్థములును కలవు. అనగా జత, సాటి, పోటీ, పెండ్లి, నిప్పంటించుట – ఆంగ్లపు ‘మ్యాచ్’ మోయు బరువంతయు తమిళపు ‘పొరు, పొరుత్తు’ మాటలును మోయుచున్నవి. దీనినిబట్టి భాషల చుట్టరికమును కల్పించుట పొరపాటగును. ఆంగ్లమున రెండు పదములు ధ్వనిచేత కలిసినవని పైన చూచితిమి. తెలుగు ఈ విషయమున వేరు దారి పట్టినది. పోటీకి పందెము, పెండ్లికి సంబంధము, వయసునకు ఈడుజోడు, జాతకమునకు పొంతన, నిప్పునకు అగ్గిపుల్ల – దేని మాట దానికి విడిగా నుంచినది. సాటి, పోటీ మాత్రము పక్కపక్కనే నడచును. కోవిల్‌పట్టిలోని తెలుగింటివారు ఒక భాషలో ఈ అర్థములను విడదీసియు, మరియొక భాషలో కలిపియు పలుకుచున్నారు.

ఇక అగ్గిపుల్ల చరిత్ర. పూర్వము ఐరోపాలో పుల్లల కొనలను గంధకములో ముంచి, చెకుముకి రవ్వకు అంటుకొనిన దూదినుండి వెలిగించుకొనెడివారు. వత్తి చేయు పని పుల్ల చేయుటచే దానికిని ‘మ్యాచ్’ అను పేరే వచ్చినది. గీచినంతనే మండు పుల్లను ఇంగ్లండులో స్టాక్టన్ పట్టణపు మందుల వర్తకుడు జాన్ వాకర్ కనుగొని 1827లో అమ్మసాగెను. తరువాత తెల్లభాస్వరముతో చేసిన పుల్లలు వ్యాపించినవి. అవి ఎచ్చట రాచినను మండును. చేయువారి దవడ ఎముకలను కుళ్లజేయును. లండనులో బ్రయంట్ అండ్ మే కార్ఖానా యువతులు 1888లో చేసిన సమ్మె నాటి దుర్భర స్థితిని లోకమునకు చాటినది. భాస్వరమును పుల్లనుండి తొలగించి, ఎఱ్ఱభాస్వరమును పెట్టె ప్రక్కకు పూయు పద్ధతిని స్వీడనుకు చెందిన పాష్ 1844లో ప్రవేశపెట్టెను. ఇట్టి పుల్ల తన పెట్టెమీద గీచిననే మండును గనుక దానికి ‘సేఫ్టీ మ్యాచ్’ అని పేరైనది. తెల్లభాస్వరపు పుల్లలను నిషేధించు చట్టము భారతదేశమున 1913లో వచ్చినది. ‘సేఫ్టీ’ అను విశేషణము పుల్లకు సంబంధించినదే గాని దానిని చేయు చేతులకు సంబంధించినది గాదు. ఈ భేదము కరిసల్ సీమలో ముందు ముందు మిక్కిలి ముఖ్యమైనది.

1920 దశాబ్దపు ఆరంభమువరకు మన దేశమునకు అగ్గిపెట్టెలు ప్రధానముగా స్వీడను, జపాను దేశములనుండి దిగుమతియైనవి. దిగుమతి సుంకము పెరిగినంతనే లోపల తయారుచేయుట లాభకరమైనది. స్వీడను వర్తకులు 1923లో ‘వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ’ని నెలకొల్పిరి. అదియే విమ్కో. వారి లోకవ్యాప్త వ్యాపారమునకు అధిపతియైన ఈవార్ క్రూగర్‌ను పత్రికలు ‘మ్యాచ్ కింగ్’ అని పిలిచెడివి; ఈనాటి తెలుగు బాలుడు ఆ బిరుదును వినిన క్రికెట్టు వీరుడని తలచును. అప్పులలో మునిగిన క్రూగర్ 1932లో పారిసు నగరమున మరణించెను. స్వీడను కంపెనీ మనదేశమున అడుగిడిన నాళ్లలోనే శివకాశికి చెందిన పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చి తిరిగివచ్చిరి. వారు తెచ్చిన విద్య ఒక తరములోనే శివకాశినుండి సాత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములకు వ్యాపించినది.

ఇచ్చటనే వ్యాపించుటకు కారణము ఆకాశములోను నేలలోను ఉన్నది. వానలు తక్కువ, గాలి పొడి. ముంచిన పుల్లలు ఎండుటకు ఇంతకంటె అనువైన చోటు దొరకదు. నేల నల్లరేగడియైనను వానను నమ్మి వేయు ప్రత్తి, మిరప, చిరుధాన్యములు ఒక కారునకే పండును. మిగిలిన నెలలు చేతికి పని యుండదు. మెత్తని కలప కేరళనుండి వచ్చును. మధుర–తూత్తుకుడి రైలుమార్గము 1870 దశకముననే విరుదుపట్టి, కోవిల్‌పట్టి ఊళ్లమీదుగా పడినది. విరుదుపట్టియే నేటి విరుదునగరము. ప్రత్తిని, మిరపకాయలను ఓడరేవునకు చేర్చుటకు వేసిన దారి అగ్గిపెట్టెలకును ఉపకరించినది.

1934లో బ్రిటిషు ప్రభుత్వము అగ్గిపెట్టెలపై ఎక్సైజు సుంకము విధించినది. తరువాతి కాలమున యంత్రములతో చేయువారికంటె చేతితో చేయు చిన్న కార్ఖానాలకు సుంకములో రాయితీ లభించినది. యంత్రబలము గల విమ్కోతో కరిసల్ పల్లెలు పోటీపడి నిలిచినది ఈ రాయితీవలనను, చవకగా దొరకిన చేతులవలనను. పెద్ద కార్ఖానా పెట్టుటకంటె పది చిన్నవి పెట్టుట లాభమైనది. అందుచేత ఊరూర, వీధివీధిని ‘మ్యాచ్ వర్క్స్’ మొలచినవి. మొదట నాడార్ వర్తకులు నడపిన ఈ వృత్తిలో కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు కుటుంబములు కూలిచేతులుగాను, కొన్ని యెడల యజమానులుగాను చేరినవి.

కార్ఖానాతోపాటు మాటల గంప ఒకటి ఊరిలోనికి దిగినది. పుల్లలను వరుసగా గ్రుచ్చు కొయ్యచట్రము ‘ఫ్రేము’. మందులో ముంచుట ‘డిప్పింగు’. 144 పెట్టెలు ఒక ‘గ్రోసు’. 600 పెట్టెల కట్ట ఒక ‘బండిలు’. పెట్టెపై అంటించు బొమ్మకాగితము ‘లేబిలు’. ఈ లేబిలు అచ్చువేయుటకు పెట్టిన ముద్రణాలయములే శివకాశిని దేశమున పెద్ద అచ్చు కేంద్రముగా చేసినవి. కొనువాడు చదువరి గాకపోయినను పులిబొమ్మనో ఓడబొమ్మనో చూపి అడుగును గదా! వీనియన్నింటికంటె విశేషమైనది ‘ఆపీసు’. ఈ సీమలో అగ్గిపెట్టెల కార్ఖానాను జనులు ‘తీప్పెట్టి ఆపీసు’ అందురు. ఆపీసు అనిన కుర్చీ, బల్ల, దస్త్రములు తలచు తెలుగువాడు, పదేండ్ల పిల్ల ఆపీసునకు పోయినదని విని తల్లి ఉద్యోగముచేయు చోటికి వెంట పోయినదనుకొనును. ఆ పిల్ల నేలమీద కూర్చుండి ఫ్రేములలో పుల్లలు గ్రుచ్చుచుండెను.

ఈ వృత్తి చరిత్రలో మాటలతో దాటరాని భాగమిది. పుల్లలు గ్రుచ్చుటకు, పెట్టెలు నింపుటకు, లేబిళ్లు అంటించుటకు చిన్నవ్రేళ్లు వేగముగా పనిచేయునని పిల్లలను, ముఖ్యముగా ఆడపిల్లలను, పనికి పెట్టుకొనిరి. కూలి దినమునకు గాక పనికొలది లెక్క. తెల్లవారకముందే కార్ఖానా బండ్లు పల్లెలకు వచ్చి పిల్లలను ఎక్కించుకొనిపోవుట 1970, 1980 దశకములలో సామాన్యదృశ్యము. విరుదునగరమున 1903లో పుట్టిన కామరాజు ముఖ్యమంత్రిగా 1954నుండి 1963వరకు పల్లెపల్లెకు బడియు, బడిలో మధ్యాహ్న భోజనమును ఏర్పరుపజూచిన రాష్ట్రములోనే, ఆయన పుట్టిన సీమలోనే, బడికి పోవలసిన పిల్లలు ఆపీసునకు పోయిరి. 1986 నాటి బాలకార్మిక చట్టము అగ్గిపెట్టెల తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనులలో చేర్చినది. శివకాశి కార్ఖానాలనుగూర్చి ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యములో సుప్రీము కోర్టు 1996 డిసెంబరు 10వ తేదీన తీర్పు చెప్పుచు, నియమించుకొనిన ఒక్కొక్క బిడ్డకు 20,000 రూపాయలు యజమాని సంక్షేమనిధికి చెల్లింపవలెనని ఆజ్ఞాపించినది. 2016లో చట్టము మరల సవరింపబడి 14 ఏండ్లలోపు పిల్లలను పనికి పెట్టుకొనుట సాధారణముగా అన్ని వృత్తులలోను నిషిద్ధమైనది. చట్టముకంటెను బడులు, యంత్రములు ఎక్కువ పనిచేసినవని చెప్పుట తప్పుగాదు.

ఆ దశాబ్దములలో ‘మ్యాచ్’ అను రెండు పదములు ఈ సీమ ఇండ్లలో నిజముగా కలిసినవి. వానాధారపు సేద్యము ఇంటిఖర్చునకే చాలదు. ఆడపిల్ల పెండ్లికి నగ, పాత్ర సమకూర్చుటకు ఆ పిల్ల చేతికూలియే ఆధారమైన ఇండ్లు అనేకము. ఏడెనిమిదేండ్లు పెట్టెలు నింపి కూడబెట్టిన రూకలతో కమ్మలు కొని, పొరుత్తము చూచి, ఆమెను అత్తవారింటికి పంపిరి. అత్తవారి ఊరిలోను ఆపీసు ఉండెను. నిఘంటువులో రెండు వేరు పదములుగా నున్నవి ఆమె బ్రదుకులో ఒకదాని వెల మరియొకటి యైనది. పాష్ పెట్టె ప్రక్కను పూసిన ఎఱ్ఱభాస్వరము పుల్లకు క్షేమమిచ్చినది. చట్రము ముందు వంగిన వెన్నునకు అట్టి ఏర్పాటు చాలకాలము లేకపోయెను.

కోవిల్‌పట్టిలో ఆట అర్థమునకును చోటు లేకపోలేదు. ఆ ఊరు హాకీకి పేరుపొందినది. లక్ష్మి అమ్మాళ్ స్మారక హాకీ పోటీలకు దేశము నలుమూలలనుండి జట్లు వచ్చును. కోవిల్‌పట్టికి చెందిన మారీశ్వరన్ శక్తివేల్ 2022లో ఆసియా కప్పు పోటీలలో భారతజట్టున ఆడెను. ‘మ్యాచ్ చూడబోవుచున్నాను’ అని ఆ దినములలో ఎవడైన అనినచో ఊరివారికి సందేహము కలుగదు. చూడదగినది ఆట, చేయదగినది పెట్టె. క్రియయే అర్థమును తేల్చును. ‘మ్యాచ్ కుదిరినది’ అనిన పెండ్లి, ‘మ్యాచ్ ముగిసినది’ అనిన హాకీ, ‘మ్యాచ్‌లో పనిచేయుచున్నాడు’ అనిన కార్ఖానా. తెలుగు మాటలాడు ఇంటిలోనైన, తమిళము మాటలాడు ఇంటిలోనైన ఈ క్రియలే త్రోవ చూపును.

చేతిపనిగా సాగిన తయారీలో నేడు యంత్రములు చేరినవి. 2017లో వచ్చిన వస్తుసేవల పన్ను చేతితో చేసిన పెట్టెలకు 5 శాతము, తక్కినవానికి 18 శాతముగా నుండెను. 2020 ఏప్రిలునుండి రెంటికిని 12 శాతముగా సమము చేసిరి. అంతటితో చేతిపనికి చిరకాలముగా నుండిన రాయితీ పోయినది. 2007లో ఒక రూపాయికి పెరిగిన పెట్టె వెల 14 సంవత్సరములు కదలలేదు. ముడిసరకుల వెలలు పెరిగి 2021 డిసెంబరు 1వ తేదీనుండి రెండు రూపాయలైనది. విదేశములనుండి వచ్చు చవక లైటర్లతో పోటీపడలేక ఈ ప్రాంత తయారీదారులు మొరపెట్టుకొనగా, 20 రూపాయలకు లోపు వెలగల సిగరెట్టు లైటర్ల దిగుమతిని కేంద్రప్రభుత్వము 2023లో నిషేధించినది.

ఈ సీమనుండి బయలుదేరిన పెట్టె చేరిన చోటనెల్ల పేరు మార్చుకొనును. ఉత్తరాదివారు ఆంగ్లపు బహువచనమును ఏకవచనముగా గ్రహించి ‘మాచిస్’ అనిరి. హైదరాబాదు వీధులలోను ఆ పలుకు వినబడును. తెలుగు పల్లెలలో అది అగ్గిపెట్టెయే. శ్రీశ్రీ ‘ఋక్కులు’లో అగ్గిపుల్లకు కవిత్వమున స్థానమిచ్చెను, సిరిసిల్ల నేతగాని నైపుణ్యమును కొలుచుటకు చీర అగ్గిపెట్టెలో పట్టినదా యని చూతురు. ఆ పెట్టె ప్రక్కకు త్రిప్పి చూచినచో చిన్న అక్షరములలో ‘సేఫ్టీ మ్యాచెస్’ అనియు, దాని క్రింద కోవిల్‌పట్టి యనియో సాత్తూరు అనియో శివకాశి యనియో ఊరిపేరును తరచుగా కనబడును.